హైదరాబాదు తూర్పు శివార్ల ద్రాక్షతోటలు

హైదరాబాదు తూర్పు శివార్ల ద్రాక్షతోటలు తెలంగాణ రాష్ట్రంలో ఉప్పల్ మొదలుకొని వరంగల్లు రహదారి వెంబడి అన్నోజిగూడ, ఘట్‌కేసర్ పరిసరాలలోను, అక్కడి నుండి ఉత్తరంగా కీసర, శామీర్‌పేట, మేడ్చల్ వైపును ఒకప్పుడు విస్తారంగా ఉండిన పండ్లతోటలు. వీటిలో ప్రధానంగా అనాబ్-ఎ-షాహి అనే గింజ ద్రాక్షను, తరువాతి కాలంలో థాంప్సన్ సీడ్‌లెస్ అనే గింజలేని రకాన్ని పండించారు. నగరం విస్తరించడంతో ఈ తోటలలో అత్యధిక భాగం ఇళ్ళ స్థలాలుగా మారిపోయింది. మిగిలిన కొద్ది తోటలలో కొన్నింటిని ఫిబ్రవరి, మార్చి నెలలలో సందర్శకులకు తెరచి ఉంచుతారు. నగరవాసులు కుటుంబ సమేతంగా వచ్చి, పందిరి కింద తిరిగి, స్వయంగా గుత్తులు కోసుకొని, తూకం వేయించుకొని వెళతారు.

ద్రాక్షసీమ అనగానే సముద్రతీరాన గల ఫ్రాన్సు, పోర్చుగల్, కాలిఫోర్నియా ప్రాంతాలు, వాటి ద్రాక్షసారాయి గుర్తుకు వస్తాయి. దక్కను పీఠభూమి మీద, సముద్రానికి దూరంగా ఉన్న ఈ తోటలు అటువంటివి కావు. ఇవి తినే పండు కోసం వేసినవి. ఇక్కడి ద్రాక్ష సారాయిగా ఎందుకు మారలేదు అన్న విషయం క్రింద వివరించబడినది.

ఉనికి

అన్నోజిగూడ మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా, ఘట్‌కేసర్ మండలంలోని గ్రామము. ఉప్పల్ కూడలి నుండి సుమారు 12 కి.మీ. దూరంలో, హైదరాబాదు - వరంగల్లు జాతీయ రహదారి మీద ఉన్నది. ఈ రహదారిని పూర్వం 202 అనే సంఖ్యతో పిలిచేవారు, ఇప్పుడు 163. ఈ ప్రాంతమంతా 1978 ఆగస్టు 15న ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో కొత్త జిల్లాలోకి వచ్చింది. అందువలన పాత వ్యవసాయ గ్రంథాలలో "రంగారెడ్డి జిల్లా ద్రాక్ష" అని కనిపించేది చాలావరకు నేటి మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాకు కూడా వర్తిస్తుంది.

నేల ఎక్కువగా ఎర్ర చెలక. అడుగున గ్రానైటు రాయి. నీరు నిలవని ఈ నేల ద్రాక్ష వేరుకు అనుకూలమైనది. అయితే తోటలను నిలబెట్టినది బావి నీరు, ఆ తరువాత బోరు నీరు. గ్రానైటు పగుళ్ళలో దొరికే నీటికి హద్దు ఉంటుంది కనుక, ఒక తోట పక్కన మరొక తోట వేసిన కొద్దీ బోర్లు లోతుకు దిగవలసి వచ్చింది.

చరిత్ర

దక్షిణ భారతంలో ద్రాక్ష ప్రవేశం గురించి మూడు దారులు చెబుతారు. మొదటిది, 14వ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని ఢిల్లీ నుండి దౌలతాబాదుకు మార్చినపుడు దక్కనుకు వచ్చినది. రెండవది, 1832 ప్రాంతంలో క్రైస్తవ మిషనరీల ద్వారా తమిళదేశంలోని సేలం, మధురై జిల్లాలకు వచ్చినది. మూడవది నిజాం కాలంలో హైదరాబాదుకు వచ్చినది. తూర్పు శివార్ల తోటలు ఈ మూడవ దారికి చెందినవి.

అనాబ్-ఎ-షాహి రకాన్ని అబ్దుల్ బాఖర్ ఖాన్ మధ్యప్రాచ్యం నుండి హైదరాబాదుకు తెచ్చి వ్యాప్తి చేసినట్లు ఉద్యాన శాస్త్ర గ్రంథాలు పేర్కొంటున్నాయి. "ఇనబ్" అనగా అరబ్బీలో ద్రాక్ష, "షాహి" అనగా పారసీకంలో రాజులకు తగినది. మొదట కోటల, దేవిడీల తోటలలో పెరిగిన ఈ తీగ, స్వాతంత్ర్యానంతరం రైతుల పొలాలకు చేరి వాణిజ్య పంటగా మారినది. ఇక్కడి నుండి కర్ణాటక, పంజాబు, హర్యానాలకు కూడా వెళ్ళింది. కర్ణాటకలో పేరుపొందిన దిల్‌ఖుష్ అనే రకం కూడా అనాబ్-ఎ-షాహి నుండి ఎన్నిక చేసినదే.

పండ్ల వ్యాపారం మొదట నగరం నడిబొడ్డున 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టులో జరిగేది. 1980వ దశకంలో కొత్తపేటకు, 2021 తరువాత బాటసింగారానికి తరలిపోయింది. మార్కెట్టు ఊరి బయటికి జరుగుతున్న కొద్దీ తోటలు ఇంకా బయటికి జరిగాయి. ఒకప్పుడు ఉప్పల్ రైతు తెల్లవారుజామున గంపలకెత్తిన పండు తెల్లారేసరికి నగరంలో ఉండేది. పలుచని తొక్క గల ఈ పండు దూరప్రయాణానికి తట్టుకోదు. నగరానికి దగ్గరగా ఉండడమే దీనికి బలం. ఆ దగ్గరతనమే తరువాత దీనికి ముప్పు అయినది.

సాగు విధానం

సందర్శకులు మొదట గమనించేది పందిరి. ఐరోపాలో తీగలను నడుము ఎత్తున వరుసలుగా కట్టిస్తారు. ఇక్కడ రాతి కడీలు పాతి, మనిషి చేతికి అందేటంత ఎత్తున ఇనుప తీగలను అల్లి, ద్రాక్ష తీగను దానిమీద పరుస్తారు. ఆకు పైన ఎండను పట్టుకుంటుంది, గుత్తులు కింద నీడలో వ్రేలాడుతాయి. మార్చి నెల ఎండలో రోడ్డు మీద నుండి తోటలోకి అడుగు పెట్టినవారికి తేడా వెంటనే తెలుస్తుంది. పందిరి వేయడానికి పెట్టుబడి ఎక్కువ. ఒకసారి వేస్తే పదిహేను, ఇరవై ఏళ్ళు పనికివస్తుంది. అందుకే ద్రాక్ష వేసిన రైతు ఆ పొలాన్ని తరచుగా మరొక పంటకు మార్చడు. పాడుపడిన కడీలు వరుసగా నిలిచి ఉన్న ఖాళీ స్థలం శివార్లలో ఎక్కడ కనిపించినా అది పాత ద్రాక్షతోట అని ఊహించవచ్చును.

చలిదేశాలలో ద్రాక్ష తీగ శీతాకాలంలో ఆకు రాల్చి నిద్రిస్తుంది. హైదరాబాదు వాతావరణంలో ఆ నిద్ర రాదు. తీగ ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటుంది. దానిని అలాగే వదిలితే పండు వానాకాలంలో వచ్చి కుళ్ళిపోతుంది. దీనికి దక్కను రైతులు కనుగొన్న ఉపాయం ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒకే కాపు. కాపు అయిపోయిన తరువాత ఏప్రిల్‌లో మొదటి కత్తిరింపు చేస్తారు. అప్పుడు వచ్చే కొమ్మలలో మరుసటి కాపుకు కావలసిన పూమొగ్గలు లోలోపలే ఏర్పడతాయి. వానలు తగ్గిన తరువాత అక్టోబరులో రెండవ కత్తిరింపు చేస్తే ఆ మొగ్గలు విచ్చి గుత్తులు బయటపడతాయి. పండు జనవరి చివర మొదలై ఏప్రిల్ వరకు వస్తుంది. అనగా తీగకు వేళ తెలిపేది ఋతువు కాదు, కత్తెర. ఈ సంగతి తోటకు వచ్చిన పిల్లలకు పనివారు చెప్పే మొదటి పాఠం కాదగినది. సాధారణంగా ఎవరూ అడగరు.

అనాబ్-ఎ-షాహి అధిక దిగుబడినిచ్చే రకం. సగటున హెక్టారుకు 35 టన్నులు, అనగా ఎకరాకు 14 టన్నుల వరకు కాస్తుంది. మంచి తోటలలో ఇంతకు ఎంతో ఎక్కువ వచ్చిన సందర్భాలున్నాయి. పండు పొడవుగా, బాగా పండినపుడు లేత తేనె రంగులో ఉంటుంది. గింజలుంటాయి. గింజలేని థాంప్సన్ రకం వచ్చాక బజారులో అనాబ్-ఎ-షాహికి గిరాకీ తగ్గింది. పాత నగరవాసులు కొందరు మాత్రం గింజ ఉమ్మివేసే శ్రమకు ఈ రసం తగినదని ఇప్పటికీ వాదిస్తారు.

తెగుళ్ళలో బూజు తెగులు ప్రధానమైనది. అనాబ్-ఎ-షాహి దీనికి తేలికగా లొంగిపోతుంది. అక్టోబరు కత్తిరింపు తరువాత తుఫాను వానలు కురిస్తే లేత గుత్తులతో సహా తోట పోతుంది. బూడిద తెగులు, పక్షికన్ను తెగులు కూడా ఉన్నాయి. పండు కోతకు వచ్చిన మార్చి నెలలో వడగళ్ళు పడితే ఒక గంటలో ఏడాది శ్రమ నేలపాలు అవుతుంది.

బోర్డో మిశ్రమం

ద్రాక్ష రైతు ఇంట సముద్రతీర ద్రాక్షసీమ ఒకటి రోజూ వినబడుతూనే ఉంటుంది. ఫ్రాన్సు దేశంలో అట్లాంటిక్ తీరానికి దగ్గరగా గల బోర్డో నగరం పేరు మీదనే బోర్డో మిశ్రమం ఏర్పడింది. అక్కడి మెడాక్ ప్రాంతంలో దారిన పోయేవారు పండు కోసుకొనకుండా రైతులు రోడ్డు పక్క తీగలకు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. చల్లిన తీగలకు బూజు తెగులు సోకలేదని 1882లో వృక్షశాస్త్రజ్ఞుడు మిల్లార్డే గమనించి, ప్రయోగాలు చేసి 1885లో ప్రకటించాడు. దొంగలకు పెట్టిన కాపలా పంటకు మందు అయినది.

ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీరు కావాలి. రెండింటినీ విడివిడిగా కరిగించి, మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలో పోస్తూ కలుపుతారు. ఇనుప పాత్ర వాడరాదు. కలిపిన నీటిలో ఇనుప కత్తిని ముంచినపుడు దానిమీద రాగి రంగు పట్టితే సున్నం చాలలేదని అర్థం. ఈ కత్తి పరీక్ష నిమ్మ, కొబ్బరి రైతులకు కూడా తెలిసినదే. ద్రాక్ష ముఖం చూడని కోనసీమ రైతు సైతం బోర్డో అనే మాటను వాడుతాడు.

సారాయి కాని ద్రాక్ష

అన్ని టన్నుల ద్రాక్ష కాచిన సీమలో ఒక పేరుమోసిన ద్రాక్షసారాయి పుట్టకపోవడానికి మొదటి కారణం రకమే. అనాబ్-ఎ-షాహి రసంలో కరిగిన పదార్థం 14 నుండి 16 శాతం ఉంటుంది. అందులో అత్యధికం చక్కెరే. అది పులిస్తే ఎనిమిది, తొమ్మిది శాతం మద్యసారం మాత్రమే వస్తుంది. నిలువ ఉండే సారాయికి పండులో 21 నుండి 24 శాతం ఉండాలి. పెద్ద పండు, పలుచని రసం, ఎక్కువ దిగుబడి తినేవారికి లాభం, సారాయి చేసేవారికి నష్టం. సారాయి ద్రాక్ష చిన్నదిగా, మందపు తొక్కతో, తక్కువగా కాయాలి.

రెండవ కారణం మద్యం పట్ల ప్రభుత్వ విధానం మాటిమాటికీ మారడం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుండి ఎగసిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధించబడింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో తొలగించబడింది. సరిగ్గా ఆ దశకంలోనే మహారాష్ట్రలోని నారాయణ్‌గావ్, నాసిక్ వైపు, కర్ణాటకలో నంది కొండల వద్ద సారాయి ద్రాక్ష వ్రేళ్ళూనుకున్నది. నంది కొండల చుట్టూ ఉన్న చిక్కబళ్ళాపురం ప్రాంతంలో తెలుగు మాట్లాడే రైతులు చాలామంది ఉండడం చెప్పుకోదగినది.

ఇప్పటి తెలుగు వాడుకలో "వైన్స్" అనగా మద్యం దుకాణం. అందులో ద్రాక్షసారాయి అట్టడుగు అరలో నాలుగు సీసాలుంటే గొప్ప. సికింద్రాబాదులోని ఆంగ్లో ఇండియన్, క్రైస్తవ కుటుంబాలలో క్రిస్మసుకు ఇంట్లోనే నల్లద్రాక్షకు చక్కెర చేర్చి పులియబెట్టే అలవాటు మాత్రం పాతది.

తెలుగు తీరంలో ద్రాక్ష లేకపోవడం

సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న తెలుగునాట తీరపు ద్రాక్షసీమ ఎందుకు లేదన్న ప్రశ్నకు సమాధానం వానలో ఉంది. మధ్యధరా తీరంలోను, కాలిఫోర్నియా తీరంలోను వానలు చలికాలంలో, తీగ నిద్రించేటపుడు కురుస్తాయి. పండు పండే వేసవి పొడిగా ఉంటుంది, సముద్రపు గాలి వేడిని తగ్గిస్తుంది. కోస్తా ఆంధ్రలో దీనికి పూర్తిగా విరుద్ధం. నైరుతి వానలు ముగిసేలోగా ఈశాన్య రుతుపవనాలు, తుఫానులు వస్తాయి. అక్టోబరు, నవంబరు నెలలలో, అనగా ద్రాక్షకు పూత వచ్చే వేళ, తీరం తడిసి ఉంటుంది. ఆ ఉక్కలో బూజు తెగులును ఏ మిశ్రమమూ ఆపలేదు. తీరంలో తాటికల్లు, ఈతకల్లు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. ద్రాక్ష అనంతపురం, తెలంగాణ మెట్టభూములను ఆశ్రయించింది.

కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగువారు స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులను సొనోమా, నాపా లోయలకు తీసుకువెళ్ళడం ఇపుడు పరిపాటి అయినది. ఆ పెద్దలలో రంగారెడ్డి జిల్లా వారుంటే నడుము ఎత్తు తీగలను చూసి, పందిరి లేనిదే కాపు ఏమి వస్తుందని అడగడం సహజం.

క్షీణత

ఈ తోటలు పోవడానికి తెగుళ్ళు, బోర్ల ఎండిపోవడం, కూలీల కొరత, మహారాష్ట్ర పండు పోటీ అన్నీ కారణాలే. కానీ నిర్ణయించినది భూమి ధర. తెలంగాణలో ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 గజాలు, వెరసి ఎకరా 4,840 గజాలు. భూమిని గుంటలలో లెక్కించినంత కాలం ద్రాక్ష లాభసాటి పంటలలో ఒకటి. గజాలలో లెక్కించడం మొదలైన నాటి నుండి ఏ పంటా పోటీకి నిలువలేదు. ఉప్పల్, నాచారం ముందుగానే కర్మాగారాలతోను, కాలనీలతోను నిండిపోయాయి. తరువాత పోచారం వద్ద ఇన్ఫోసిస్ ప్రాంగణం, ఇతర సమాచార సాంకేతిక సంస్థలు వచ్చాయి. 158 కి.మీ. బాహ్యవలయ రహదారి ఘట్‌కేసర్, కీసరల మీదుగా వెళ్ళింది. అన్నోజిగూడ ఆ రెంటికీ చేరువలో ఉన్నది.

దీనిని రైతుల తప్పుగా చెప్పడం సరికాదు. పందిరికి అప్పు తెచ్చి, వడగళ్ళకు ఓడిన కుటుంబానికి స్థలం అమ్మకం విముక్తి. అయితే భూమి అమ్మిన వారితో పాటు కత్తిరింపులో ఆరితేరిన కూలీలు కూడా ఆ పని మానివేశారు. ఏ కన్ను వద్ద కత్తిరించాలో చూపుతో చెప్పగల నైపుణ్యం పుస్తకం చదివి వచ్చేది కాదు. మిగిలిన తోటల యజమానులు బజారు ధరతో నిలబడలేక సందర్శకుల మీద ఆధారపడుతున్నారు. మధ్యవర్తి కమీషను, బండి కిరాయి లేకుండా పండు అమ్ముడు కావడం వారికి కలిసివచ్చే విషయం.

రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధనా కేంద్రం ఉన్నది. ఇది నేడు శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం పరిధిలోనిది. బజారులో కనిపించని అనేక రకాలు ఇక్కడ ఒకేచోట పెరుగుతున్నాయి.

సందర్శన

సరైన కాలం ఫిబ్రవరి రెండవ వారం నుండి మార్చి చివర వరకు. ఏప్రిల్‌లో వెళితే కత్తిరించిన మోడులు తప్ప ఏమీ కనిపించవు. ఏ తోట ఏ రోజున తెరుస్తారన్నది పండు పక్వాన్ని బట్టి ఏటా మారుతుంది కనుక ముందుగా విచారించుకొని వెళ్ళడం మేలు. కత్తెర లేకుండా గుత్తిని లాగితే తీగ చీలుతుంది. పండు మీద కనిపించే తెల్లని పలుచని పొర మందు కాదు, పండుకు సహజంగా ఉండే మైనము. అయినా మందు చల్లే పంట కాబట్టి కడిగి తినవలెను. గుత్తి చివరి పండు రుచి చూసి కోయడం తెలిసినవారి పద్ధతి. పండు భుజం నుండి కిందికి పండుతుంది కనుక చివరిది తియ్యగా ఉంటే గుత్తి అంతా తియ్యగా ఉన్నట్లే.

మెట్రో రైలు 2017 నవంబరు నుండి ఉప్పల్ వరకు ఉన్నది. అక్కడి నుండి ఘట్‌కేసర్ బస్సులు అన్నోజిగూడ మీదుగా వెళతాయి. 2024 మార్చి 5న లింగంపల్లి - ఘట్‌కేసర్ ఎం.ఎం.టి.ఎస్. రైలు ప్రారంభమైంది. ఉప్పల్ - నారపల్లి మధ్య 2018లో మొదలైన పైవంతెన పనులు ఏళ్ళ తరబడి సాగి ప్రయాణికులను బాగా ఇబ్బంది పెట్టాయి.

పరిసరాలలో చూడదగినవి

కీసరగుట్ట: తోటల ప్రాంతానికి అతి సమీపంలోనిది, మహాశివరాత్రి జాతర సరిగ్గా ద్రాక్ష కాలంలోనే వస్తుంది. రామలింగేశ్వరాలయం చుట్టూ గుట్ట మీద శివలింగాలు చెల్లాచెదురుగా ఉంటాయి. హనుమంతుడు కాశీ నుండి తెచ్చేలోపల రాముడు వేరొక లింగాన్ని ప్రతిష్ఠించగా, కినుకతో విసరివేసినవని స్థలపురాణం. పురావస్తు శాఖ త్రవ్వకాలలో విష్ణుకుండినుల కాలపు కోటగోడ, ఇటుక కట్టడాలు బయల్పడ్డాయి. రాతిమీద చెక్కిన "తొలుచువాన్డ్రు" అనే మాట, అనగా రాతిని తొలిచేవారు, అత్యంత ప్రాచీనమైన తెలుగు మాటలలో ఒకటిగా పండితులు పరిగణిస్తారు. జాతర రద్దీలో దీనిని చూసేవారు అరుదు.

ఏదులాబాదు: ఘట్‌కేసర్‌కు దక్షిణాన గోదా సమేత రంగనాయకస్వామి ఆలయం ఉన్నది. ధనుర్మాసంలో భక్తులు వస్తారు. మూసీ నది ఈ వైపే ప్రవహిస్తుంది. నగరపు మురుగుతో నిండిన ఆ నీటితో ఒడ్డున పశుగ్రాసం పెంచుతారు.

భూదాన్ పోచంపల్లి: 1951 ఏప్రిల్ 18న వినోబా భావే సమక్షంలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమివ్వగా భూదానోద్యమం ఇక్కడ పుట్టినది. ఇక్కత్ చేనేతకు ప్రసిద్ధి. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ దీనిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసినది. ఎకరాలను దానమిచ్చిన ఊరు గజాలు అమ్ముకునే ఊర్లకు ఇంత దగ్గరలో ఉన్నది.

భువనగిరి, యాదగిరిగుట్ట: వరంగల్లు రహదారి మీదనే ముందుకు వెళితే భువనగిరి ఏకశిలా కోట వస్తుంది. పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర ఏర్పడినది. ఎండ ముదరకముందే ఎక్కడం మంచిది. ఆపైన యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామి ఆలయం నల్లరాతితో పునర్నిర్మించబడి 2022 మార్చి 28న భక్తులకు తెరవబడినది. తోట నుండి ఉదయాన కోసుకున్న ద్రాక్షను ఈ ప్రయాణంలో కారులో ఉంచరాదు. మార్చి ఎండకు సాయంత్రానికి తొక్క చిట్లి రసం కారుతుంది. తిరుగు దారిలో కోయించుకొనడమే ఉచితం.